168ఎఫ్-2 వీడర్ ఇంజన్ ఇంట్లనే ఇప్పుతున్న: రింగులతోని అయితదా, బోరు కొట్టియ్యాల్నా?

చెల్కరైతు (నర్సంపేట దిక్కు)
అందరికి నమస్తే. జామ తోటల సాళ్ల నడుమ గడ్డి కొట్టెతందుకు నాకొక పెట్రోల్ వీడర్ ఉన్నది. మా ఊర్ల అందరు దాన్ని చిన్న ట్రాక్టర్ అంటరు. ఇంజన్ ప్లేటు మీద 168ఎఫ్-2 అని ఉన్నది, 196 సీసీ. ఖాళీగ తిప్పితే మంచిగనే ఉంటది గని వీడర్ పండ్లు (గడ్డి కొట్టే బ్లేడ్లు) భూమిల దిగంగనే డౌన్ అయితున్నది, అస్సలు గుంజుతలేదు. నీలం పొగ కొడుతున్నది. పొద్దుగాల నిండుగ పోసిన ఆయిల్ సాయంత్రానికి ఆయిల్ చూసే పుల్ల చివరకు వస్తున్నది. వేడి మీద బంద్ చేస్తే మల్ల తాడు గుంజి గుంజి భుజం పోతున్నది. మెకానిక్ చూసి "బోరుకొచ్చింది, ఇంజన్ పాతసామాన్లకు ఇచ్చేయ్" అన్నడు. బోరు అంటే సిలిండర్ లోపలి గుండ్రటి బొక్క, అది అరిగింది, కోసి పెద్దగ చెయ్యాలె అని. నాకు ఇచ్చేయబుద్ధి అయితలేదు. సాకెట్ సెట్టు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) ఉన్నయ్, టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) లేదు. పిస్టన్ రింగులు మార్చి చూడాల్నా, డైరెక్టుగ బోరు కొట్టియ్యాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మానుకోట_మిర్చి
అన్నా, కొత్త ఇంజన్ పెట్టు. గివి యూజ్ అండ్ త్రో. నాలుగు బోల్టులు ఇప్పుడు, నాలుగు బోల్టులు బిగించుడు, ఒక పూట పని. సీజన్ల ఇంజన్ బల్ల మీద ఇప్పుకొని కూసుంటే గడ్డి ఆగుతదా?

పానాలబ్యాగు (హన్మకొండ)
కొత్తది కొనెటట్టుంటే అన్న గిక్కడ ఎందుకు అడుగుతడు?

చెల్కరైతు అన్నా, ఇప్పకముందు గాలి ఎక్కడికెళ్లి పోతున్నదో తెలుసుకో. కంప్రెషన్ గేజ్‌ను నమ్మకు. ఈ ఇంజన్ల క్యామ్ షాఫ్ట్ మీద డీకంప్రెసర్ ఉంటది. తాడు గుంజేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ను జరంత లేపి పట్టుకుంటది, లేకుంటే చేతితోని స్టార్ట్ చేసుడు కష్టం. అందుకని మంచి ఇంజన్ల కూడ గేజ్ తక్కువనే చూపిస్తది.

పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి తీసెయ్, ఆ బొక్కకు గాలి నిపుల్ వెల్డింగ్ పెట్టించు. వాల్వులు రెండు మూసుకున్న టీడీసీల (పిస్టన్ పూర్తిగ పైకి వచ్చే కాడ) పిస్టన్ పెట్టి, పంక్చర్ షాపుల తక్కువ ప్రెషర్ తోని గాలి ఇడువుమను. జాగ్రత్త, గాలి ఎక్కంగనే క్రాంక్ గిర్రున తిరగబోతది. ఫ్లైవీల్ నట్టుకు పొడుగు పానా ఏసి గట్టిగ పట్టుకోవాలె, తాడు దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఇగ చెవి పెట్టి విను. సైలెన్సర్ల చప్పుడస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బొరేటర్ల అస్తే ఇన్లెట్ వాల్వ్, ఆయిల్ పోసే మూతకాడ బుస్సుమంటే రింగులు గాని, బోరు గాని పోయినట్టు.

చెల్కరైతు
చేసిన అన్నా. మూతకాడ వేలు పెడితే వేలును నూకుతున్నది. సైలెన్సర్ల సన్నగ సుయ్‌మంటున్నది. కార్బొరేటర్ల చప్పుడు లేదు.

రిటైర్డ్_ఫిట్టర్ (కాజీపేట)
అయితే ఇప్పవలసిందే బిడ్డా. డీజిల్ లోకో షెడ్డుల పని చేసినోన్ని, గింత చిన్న ఇంజన్ అయినా నా పద్ధతి మారదు. మురికి మొదలు చూడు, తర్వాత తుడువు. మురికి ఎక్కడ పట్టిందో అదే రోగం చెప్తది. నువ్వు డీజిల్ పోసి కడిగినవంటే సాక్ష్యం పాయె. ఎయిర్ క్లీనర్ ఇప్పంగనే కార్బొరేటర్ నోట్ల తెల్లగుడ్డ పెట్టి తుడిచి, గుడ్డకు ఏం అంటిందో రాయి.

ఇప్పేటప్పుడు మూడు ముచ్చట్లు యాది పెట్టుకో. ఫ్లైవీల్ నట్టు ఊడినంక క్రాంక్ కొన మీద సుత్తెతోని కొట్టకు, పుల్లర్ ఎయ్యి. పక్క మూత తీసేటప్పుడు ఇంజన్‌ను తలకిందులు పెట్టు, లేకుంటే ట్యాపెట్లు (వాల్వులను లేపేటియి) జారి కింద పడుతయ్, ఏది ఏ బొక్కదో తెల్వది. కనెక్టింగ్ రాడ్ క్యాప్ ఇప్పకముందు రాడ్డుకు, క్యాప్‌కు ఒక్కదిక్కు గీత పెట్టు. ఇందుల బేరింగ్ షెల్స్ ఉండయ్, అల్యూమినియం రాడ్డే క్రాంక్ మీద తిరుగుతది. క్యాప్ తిప్పి ఏసినవంటే రాడ్డు పట్టేస్తది.

జగిత్యాల_స్పేర్స్
తమ్ముడూ, సామాను కొనకముందు ఒక మాట. 168ఎఫ్ అని ఒక్కటే చెప్పి షాపుకు పోకు. 1 అంటే ఒక సిలిండర్, 68 అంటే బోరు 68 మి.మీ., ఎఫ్ అంటే గాలితోని చల్లబడేది. 163 సీసీదానికి, నీ 196 సీసీదానికి బోరు ఒక్కటే. స్ట్రోక్ మాత్రం దానికి 45 మి.మీ., నీదానికి 54. అందుకని రింగులు సరిపోతయ్ గని పిస్టన్ సరిపోదు. మా కౌంటర్ల వారానికొకరు గిదే పంచాయితీతోని అస్తరు. వెనుక "-2" ఉన్న సంగతి చెప్పు, అయ్యేదుంటే పాత పిస్టన్ పట్టుకపో. పిన్ను కాడికెళ్లి పిస్టన్ తల దాక ఎత్తు పక్కపక్కన పెట్టి చూడు.

చెల్కరైతు
ఇప్పిన. ఫిట్టర్ కాకా చెప్పినట్టు ముందుగాల గుడ్డ పెట్టి తుడిస్తే ఇటుకపొడి అసొంటి ఎర్రమట్టి అంటింది. కార్బొరేటర్ నోట్ల కింది సగంల మట్టి ఒక గీత లెక్క పేరుకున్నది, పై సగం శుభ్రంగ ఉన్నది. ఇన్లెట్ వాల్వ్ కాడకు కూడ అదే మట్టి ఆయిల్‌తోని కలిసి ముద్దగ గట్టిపడ్డది. పిస్టన్ తల మీద కార్బన్ తడితడిగ ఉన్నది. సిలిండర్ల పైన రింగు ఆగే కాడ గోరు పెడితే గోరు తట్టుకుంటున్నది. గోడల మీద హోనింగ్ గీతలు (కొత్తల రాయితోని గీసే సన్న గీతలు) ఏం లేవు, అద్దం లెక్క మెరుస్తున్నది. రాడ్డు మాత్రం నున్నగ, మంచిగ కనిపిస్తున్నది.

పానాలబ్యాగు
గోరు తట్టుకుంటున్నదంటే మెట్టు పడ్డట్టే. కొత్త రింగులు ఏస్తే పై రింగు అంచు పోయి ఆ మెట్టుకు తాకుతది, విరిగే అవకాశం ఉంటది.

మానుకోట_మిర్చి
మా దగ్గర ఒకాయన జీరో నంబర్ శాండ్ పేపర్ చేతితోని రుద్ది, కొత్త రింగులేసి నడిపిస్తుండు. పొగ బందయింది. బోరు, పిస్టన్ అని ఎందుకు ఖర్చు పెట్టిస్తున్నరు?

డిప్లొమా_మెకానికల్ (కరీంనగర్)
కొలవకుండా రింగులు చాలు అని చెప్పలేం, బోరే కావాలి అని కూడా చెప్పలేం. ఈ ఇంజన్లు ఎక్కువగా హోండా జీఎక్స్ 200 కొలతల మీదే తయారవుతాయి కాబట్టి ఆ సర్వీస్ మాన్యువల్ అంకెలు పనికొస్తాయి. కొత్త బోరు 68.00 మి.మీ., 68.165 దాటితే బోరింగ్. రింగు గ్యాపు (రింగు రెండు కొసల మధ్య సందు) కొత్తలో 0.2 నుంచి 0.4, గరిష్ఠంగా 1.0 మి.మీ. క్రాంక్ పిన్ను (క్రాంక్ మీద రాడ్డు తిరిగే చోటు) కొత్తది 30.0, 29.92 కంటే తగ్గకూడదు. రాడ్డు పెద్ద బొక్క 30.02, పరిమితి 30.066.

బోరు కొలవడానికి డిజిటల్ వెర్నియర్ వాడకండి, దాని దవడలు గుండ్రటి గోడ మీద సరిగ్గా కూర్చోవు. లేత్ షాపులో బోర్ గేజ్ పెట్టించి పైన, నడుమ, కింద కొలిపించండి. ప్రతిచోటా క్రాంక్ పొడవున ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. పిస్టన్ పక్కకు నెట్టేది అడ్డం దిక్కునే, అందుకే అరుగుదల అక్కడే ఎక్కువ.

చెల్కరైతు
వరంగల్ ఆటోనగర్ల ఒక లేత్ ఆయన కొలిచి ఇచ్చిండు. పైన అడ్డంగ 68.21, క్రాంక్ దిక్కు 68.14. కింద రెండు దిక్కుల 68.04. క్రాంక్ పిన్ను 29.97, రాడ్డు 30.03. స్టాండర్డ్ రింగు ఒకటి తెచ్చి సిలిండర్ల పెట్టి చూసిన. కింద గ్యాపు 0.40 వస్తున్నది, పైకి నూకితే 0.95. గింత తేడా ఎట్ల?

డిప్లొమా_మెకానికల్
రింగు తెరుచుకునేది చుట్టుకొలతలో. వ్యాసం 0.17 మి.మీ. పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు, అంటే 0.53 పెరుగుతుంది. మీకు వచ్చిన తేడా దాదాపు అంతే. శాండ్ పేపర్ రుద్ది కొత్త రింగులు వేసినాయన ఇంజన్‌లో పొగ ఎందుకు తగ్గిందో కూడా ఇందులోనే ఉంది. కొత్త రింగు పైన అంచు మీద, 0.95 దగ్గర నిలబడుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత 1.0 దాటుతుంది, మళ్లీ పొగ. మీ బోరు 68.165 దాటింది కాబట్టి రింగులతో సరిపెట్టుకునే దశ పోయింది.

మానుకోట_మిర్చి
సరే, అంకెలు చూపెట్టినంక నేనేం మాట్లాడ. గని 0.25 ఓవర్‌సైజ్ (స్టాండర్డ్ కంటే 0.25 మి.మీ. పెద్ద పిస్టన్) సరిపోతది కదా? 68.21 ఉంటే 68.25 కొడితే అయిపాయె.

రిటైర్డ్_ఫిట్టర్
అట్ల కాదు. అరుగు అన్ని దిక్కుల సమానం ఉంటే నీ లెక్క కరెక్టు. ఇక్కడ ఒక గోడే ఎక్కువ తిన్నది. లేత్ ఆయన అరుగని కింది భాగం చూసి సెంటర్ పట్టుకుంటడు. ఆ సెంటర్ కెళ్లి చూస్తే తిన్న గోడ దూరం పోయింది, 68.25 కొడితే ఆ దిక్కు టూల్ తగలనే తగలదు, పాత నునుపు అట్లనే ఉంటది. సెంటర్ జరిపి కొడితే పిస్టన్ వంకర నడుస్తది. 0.50 తీసుకో.

ఇంకోటి, పిస్టన్ చేతికి రాకముందు బోరు కొట్టియ్యకు. పిస్టన్ తెచ్చి లేత్ ఆయన చేతుల పెట్టు, మైక్రోమీటర్ తోని దాని స్కర్ట్ (రింగుల కింది భాగం) కొలిచి దానికి తగ్గట్టు కొట్టుమను. కొత్తలో పిస్టన్‌కు, గోడకు సందు 0.015 నుంచి 0.05 మి.మీ. నడుమ ఉండాలె. చివరి 0.03, 0.04 మి.మీ. హోనింగ్‌కు ఇడువుమను, గీతలు ఒకదానికొకటి ఏటవాలుగ కోసుకోవాలె. ఆ గీతల్లనే ఆయిల్ నిలుస్తది.

రాడ్డు, క్రాంక్ మంచిగున్నయ్, వాటి జోలికి పోకు. రెండు జతగ అరిగి కుదురుకున్నయ్. ఉన్నదాన్ని పీకి కొత్త రాడ్డు ఏసుడు పైసలు దండగ.

జగిత్యాల_స్పేర్స్
0.50 పిస్టన్ కిట్టు మా దగ్గర లేదు. గిరాకి మొత్తం స్టాండర్డ్‌కే ఉంటది. సికింద్రాబాద్ రాణిగంజ్ల ఇంజన్ స్పేర్స్ షాపులకు ఫోన్ చేసి తెప్పిచ్చుకో. కిట్టుల పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు రావాలె. దాంతోపాటు ప్యాకింగ్ సెట్టు, రెండు ఆయిల్ సీళ్లు తప్పకుండ తీసుకో. పాత లాకులు మల్ల ఏయకు.

కొత్తసభ్యుడు_పరకాల
ఇదంతా 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్లనే కదా? మా దిక్కు అందరు అదే అంటున్నరు.

పానాలబ్యాగు
కాదు. ఇథనాల్ నీళ్లను గుంజుకుంటది, పెట్రోల్ పోసి రెండు నెలలు పక్కకు పెడితే కార్బొరేటర్ గిన్నెల జిగురు, తుప్పు, రబ్బరు ఉబ్బుడు అయితయ్. అందుకే పని అయినంక కుళాయి బంద్ చేసి ఇంజన్ అదే ఆగేదాక నడపాలె. గని సిలిండర్‌ను పైన గట్ల తినుడు మట్టి పని. అన్న గుడ్డ మీదనే కనిపించింది గదా.

రిటైర్డ్_ఫిట్టర్
ఇప్పుడు అసలు ముచ్చట. బిడ్డా, మట్టి గీత కింది సగంలనే ఉన్నదన్నవ్. క్లీనర్ జాలి పాడైతే మట్టి అన్ని దిక్కుల సమానంగ వస్తది. ఒక దిక్కు గీత అస్తే ఎక్కడనో జాయింట్ కాడ సందు ఉన్నది. క్లీనర్ వంకీకి (వంపు గొట్టానికి), కార్బొరేటర్‌కు నడుమ ఉన్న ప్యాకింగ్ చూసినవా? గది దొరకకుండ ఇంజన్ బిగించొద్దు. కొత్త పిస్టన్‌ను కూడ అదే మట్టి తింటది.

చెల్కరైతు
దొరికింది కాకా. వంకీని పట్టే రెండు స్టడ్లల కింది దాని మర పోయింది, నట్టు ఊగుతున్నది. ప్యాకింగ్ ఆ దిక్కు సగం చినిగి లోపలికి మడిచుకపోయింది. వేలుగోరు దూరేంత సందు. గిది ఆయిల్ బాత్ క్లీనర్, గిన్నెల ఆయిల్ ఎప్పుడు నిండుగనే ఉంటుండె. అందుకనే అటు దిక్కు అనుమానం రాలే.

పానాలబ్యాగు
ఆయిల్ బాత్‌ల గీత దాటి పోసినా ఇంజన్ గుంజుకుంటది, గది వేరే పొగ. స్టడ్ మార్చు, స్ప్రింగ్ వాషర్ ఏయ్, కొత్త ప్యాకింగ్ పెట్టు. తర్వాత ఒక పని చెయ్. వంకీ లోపలి గోడకు, అంటే క్లీనర్ దాటినంక ఉన్న దిక్కు, పలుచగ గ్రీజు రాయి. ఒక పూట చేన్ల నడిపి ఇప్పి చూడు. గ్రీజు మీద గరుకుగ మట్టి అంటితే ఇంకా సందు ఉన్నట్టు.

కౌలింగ్ (ఫ్యాన్ గాలిని సిలిండర్ మీదికి తిప్పే రేకు మూత) కూడ ఇప్పి సిలిండర్ ఫిన్నుల నడుమ చూడు. గడ్డి, మట్టి కూరుకుపోయి ఉంటది. మా బావది ఇప్పితే ఎలుక గూడు ఉండె.

చెల్కరైతు
బోరు అయ్యింది, పిస్టన్ రాణిగంజ్ కెళ్లి వచ్చింది. రాడ్డు బోల్టులు ఎంత బిగించాలె? టార్క్ రెంచ్ ఎవ్వరి దగ్గర దొరుకతలేదు.

డిప్లొమా_మెకానికల్
రాడ్డు బోల్టులు 12 న్యూటన్ మీటర్లు, హెడ్ బోల్టులు, పక్క మూత బోల్టులు 24, ఫ్లైవీల్ నట్టు 75. రాడ్డు దగ్గర అంచనా పనికిరాదు. వదులైతే రాడ్డు ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది, మరీ బిగిస్తే బోల్టు సాగుతుంది.

పత్తి ఏరినప్పుడు తూకం వేసే డిజిటల్ కాంటా ఇంట్లో ఉంటే అది చాలు. బోల్టు మధ్య నుంచి సరిగ్గా 20 సెం.మీ. దూరంలో హ్యాండిల్‌కు కాంటా కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కు లంబంగా లాగండి. 6 కిలోలు చూపితే 12 న్యూటన్ మీటర్లు, 12 కిలోలు చూపితే 24. రెండు బోల్టులనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. రోజుకు ఏరిన పత్తంతా తూచే పాత గడియారం ముల్లు కాంటా మాత్రం వద్దు, అందులో 6 కిలోలు స్పష్టంగా తెలియదు.

రిటైర్డ్_ఫిట్టర్
బిగించకముందు కడుగుడు. హోనింగ్ తర్వాత గోడలల్ల రాయిపొడి ఉంటది, అది డీజిల్‌కు, పెట్రోల్‌కు పోదు, ఇంకా లోపలికి పోతది. సర్ఫ్ నీళ్లు వేడిగ చేసి బ్రష్ తోని రుద్దు. తెల్ల బనీను గుడ్డతోని తుడిస్తే బూడిదరంగు అంటొద్దు, అంటినంతసేపు మల్ల కడుగు. ఆరంగనే ఆయిల్ రాయి, లేకుంటే గంటల తుప్పు పడుతది. బోరు కొట్టించినంక మల్ల పొగ వచ్చిందని మొత్తుకునే ఇంజన్లల్ల సగం ఇక్కడనే పాడయితయ్.

ఎగ్జాస్ట్ వాల్వ్ కూడ సుయ్‌మన్నది గదా. వాల్వ్ పేస్టు పెట్టి సీటు మీద ఆడించు, చుట్టు ఒకే వెడల్పుల బూడిదరంగు పట్టీ రావాలె. స్ప్రింగులు ఏసినంక హెడ్‌ను తిప్పి పెట్టి పోర్టుల పెట్రోల్ పోయి, కొంచెంసేపు ఆగు. అటు దిక్కు తడి రాకుంటే సరే.

పిస్టన్ తల మీద బాణం గుర్తు పుష్ రాడ్ల దిక్కు ఉండాలె. రింగుల మీద అక్షరం ఉన్న ముఖం పైకి, గ్యాపులు ఒకదాని కింద ఒకటి రావొద్దు. క్రాంక్ గేరు మీద చుక్క, క్యామ్ గేరు మీద చుక్క ఎదురెదురు. పక్క మూత చేతితోని నూకితే కూసోవాలె. కూసోకుంటే గవర్నర్ (రేసును అదుపుల పెట్టేది) గేరు కలుస్తలేనట్టు, క్రాంక్ జరంత తిప్పి చూడు. బోల్టులతోని గుంజి కూసోబెట్టినవంటే మూత పగులుతది.

ట్యాపెట్ సందు ఇంజన్ చల్లగున్నప్పుడే పెట్టు, ఇన్లెట్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20. కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు నడుమ 0.4, విజిటింగ్ కార్డు మందం.

చెల్కరైతు
నిన్న సాయంత్రం స్టార్ట్ అయ్యింది. ప్లగ్గు ఇప్పి తాడు నాలుగుసార్లు గుంజి ఆయిల్ తిప్పిన, తర్వాత ప్లగ్గు పెట్టి తాడు గుంజంగనే బరువు తెలిసింది. కాసేపు తెల్లపొగ వచ్చి పోయింది. ఇయ్యాల జామ సాళ్లల్ల తిప్పిన, పండ్లు పూర్తిగ దిగినా గుంజుతున్నది. గ్రీజు రాసి చూసిన, శుభ్రంగ ఉన్నది. ఇప్పుడు ఏ ఆయిల్ పొయ్యాలె, ఎప్పుడు మార్చాలె? కొన్ని రోజులు స్లోల నడపాల్నా?

పానాలబ్యాగు
బయట ఖాళీగ స్లోల గంటలు గంటలు ఉంచకు, రింగులు గోడకు కుదురుకోవు. మామూలు పని చెయ్, రేసు ఎక్కిస్తూ దించుతూ. మొదటి ఆయిల్ రెండు మూడు గంటలకే దించి తెల్ల ప్లేట్ల పోసి చూడు, జరంత మెరుపు ఉంటది. తర్వాత 20 గంటలకు, ఆ మీద 100 గంటలకు. 10డబ్ల్యూ-30 సరిపోతది, సింథటిక్ ఇప్పుడే వద్దు. పట్టేది 600 మి.లీ., వీడర్‌ను సమానమైన నేల మీద పెట్టి పుల్ల చూడు. లోపల ఆయిల్ పంపు లేదు, రాడ్డు చివర చెంచా అసొంటిదే ఎగజల్లుతది, గట్ల మీద బాగ వంచి నడిపితే ఆయిల్ అందదు. గవర్నర్ స్ప్రింగ్ మాత్రం గుంజి కట్టకు, ఎవ్వరు చెప్పినా.

మానుకోట_మిర్చి
మొత్తం ఎంతయింది అన్నా? నిజం చెప్పు.

చెల్కరైతు
బోరింగ్, కిట్టు, ప్యాకింగులు, సీళ్లు అన్ని కలిపి కొత్త ఇంజన్ ధరల మూడోవంతు కాలే. నా పని లెక్కపెట్టలే.

మానుకోట_మిర్చి
నీ పని లెక్కపెడితే కొత్తదే చవక. అయినా మా ఇంట్ల ఒకటి మూలకు పడి ఉన్నది, ఆటోనగర్ ఆయన షాపు ఎక్కడనో మెసేజ్ చెయ్.

హుస్నాబాద్_డీజిల్
నాది 178ఎఫ్ డీజిల్. గివే కొలతలు నడుస్తయా?

డిప్లొమా_మెకానికల్
నడవవు. అది 78 మి.మీ. బోరు, లోపల ఆయిల్ పంపు ఉంటుంది, రాడ్డుకు షెల్స్ ఉంటాయి, పైగా ఇంజెక్టర్, పంపు టైమింగ్ వేరే. ప్లేటు ఫొటో, పొగ రంగు రాసి కొత్త చర్చ మొదలుపెట్టండి, ఫిట్టర్ సార్‌ను అక్కడికి పిలుద్దాం.